దారి చెప్పరాదు

మా జీలుగువలసలో దారి తప్పడం చాలా కష్టం. ఈ సంగతి పైవాళ్ళ చెవిన పడ్డాకే మా కష్టాలు మొదలయ్యాయి.

మాది కొండల నడుమ నాలుగు వీధుల ఊరు. పార్వతీపురం వైపు నుంచి వచ్చే రోడ్డు ఒక మలుపు దగ్గర మూడుగా చీలుతుంది. ఒకటి మా ఊరికి, ఒకటి జలపాతానికి పోతాయి. మూడోది ఎక్కడికీ పోదు, ఎవరో కాంట్రాక్టరు సగం వేసి వదిలేశాడు. ఆ మలుపులో మా అక్క తవిటమ్మ టీ హోటలు నడుపుతుంది. నా పేరు త్రినాథరావు, మా ఊరికి పంచాయతీ కార్యదర్శిని. పైనుంచి వచ్చిన ఉత్తర్వును కింద గోడకి అంటించడం నా ఉద్యోగం. అందులో ఏముందని నేను అడగను, అంటించేటప్పుడు వంకర రాకుండా చూసుకుంటాను.

మా ఊళ్ళో ఎవరినైనా దారి అడిగి చూడండి. చెప్పి ఊరుకోరు. నెత్తి మీద కట్టెలమోపు ఉంటే దించుతారు. "ఎవుళింటికి బావూ?" అంటారు. మీ ఊరేదో, మీ అమ్మ పుట్టిల్లేదో కనుక్కుని ఏదో ఒక వరస కలుపుతారు. ఆ వరస కలిశాక ఇక మీరు చుట్టం కాబట్టి అంబలి తాగించి, వెంట నడిచి, తరవాతి మనిషికి అప్పజెప్పి గానీ వెనక్కి తిరగరు. వాళ్ళ పని ఏమైందని అడిగితే, పని ఎక్కడికి పోతుందంటారు.

ఇదిలా ఉండగా పర్యాటక శాఖలో నవ్యానుభూతుల విభాగం అని ఒకటి కొత్తగా పుట్టింది. దానికి ఉపసంచాలకులు చక్రపాణి గారు. కొండలూ నదులూ గుళ్ళూ జనం చూసేశారనీ, ఇంకా చూడనిదేదో చూపించాలనీ ఆయన చాలాకాలం మథనపడి ఒక గొప్ప విషయం కనిపెట్టారు. నగరాల్లో ఇప్పుడు ఎవరూ దారి తప్పడం లేదు. జేబులో ఫోను కుడికి తిరుగు, ఎడమకి తిరుగు అని చెబుతూనే ఉంటుంది. కనుక తప్పిపోవడమనే అనుభూతికి తీవ్రమైన కొరత ఏర్పడింది. ఆ కొరత తీర్చడానికి 'తప్పిపోదాం రండి' అనే పథకం పెట్టి, రాష్ట్రం మొత్తం వెతికి, మా ఊరిని ఎంపిక చేశారు.

మొదటి జట్టు జీపుల్లో వచ్చింది. ఫోన్లు గుడ్డసంచిలో వేయించుకుని, కళ్ళకి గంతలు కట్టి, కొండ మీద తలో మూలా వదిలిపెట్టారు. సాయంత్రం దాకా తప్పిపోయి, అడవిలో తమను తాము వెతుక్కుని, దొరికాక ధ్రువపత్రమూ తేనెసీసా పుచ్చుకుని వెళ్ళాలని ఏర్పాటు. గంట తిరక్కుండా అందరూ మా అక్క హోటలు ముందు బెంచీ మీద వరసగా కూర్చుని ఉన్నారు. ఒకాయన్ని మేకలు కాసే ఎర్రయ్య తాత చెయ్యి పట్టుకుని తెచ్చాడు. ఒకావిడని విస్తళ్ళకి అడ్డాకులు కోసే ఆడవాళ్ళు మధ్యలో పెట్టుకుని పాటలు పాడుతూ తెచ్చారు. ఒక సాఫ్ట్‌వేరు ఉద్యోగి పట్టుదలగా పొదలో దాక్కున్నాడట. పాపం, మొహమాటపడుతున్నాడని వెతికి మరీ తెచ్చారు. అతనికి అప్పటికే రెండిళ్ళలో అన్నం పెట్టారు.

వాళ్ళు వెళ్ళి ఫిర్యాదు రాశారు. తప్పిపోవడంలో నాణ్యత లేదన్నారు.

చక్రపాణి గారు స్వయంగా వచ్చి మా గ్రామ సచివాలయం ముందు సభ పెట్టించారు. మైకు లేకపోయినా మైకు ఉన్నట్టే మాట్లాడే మనిషి.

"గ్రామస్థులారా! తరతరాలుగా తెలియక మీరు చేస్తూ వచ్చిన ఒక పొరపాటును సరిదిద్దుకునే సదవకాశాన్ని ప్రభుత్వం మీకు కల్పిస్తున్నది. దారి అనగా సమాచారము. సమాచారము అనుభూతికి శత్రువు. ఒక పర్యాటకుడు అడవిలో నిలబడి, నేనెవరిని, ఎక్కడున్నాను అని ప్రశ్నించుకుంటున్న పవిత్ర క్షణంలో మీరు వెళ్ళి, అదిగో ఆ మలుపు తిరిగితే ఊరొచ్చేస్తుంది అని చెప్పడం ఎంతటి అన్యాయమో ఆలోచించండి!"

ఊరంతా ఆలోచించింది. మా అక్క లేచింది.

"బావూ, దారి అడిగినోళ్ళకి సెప్పకపోతే పాపం కాదేటి?"

"పాపము అనే అంశం మా శాఖ పరిధిలోకి రాదమ్మా," అన్నారు చక్రపాణి గారు. "దేవాదాయ శాఖను సంప్రదించండి."

ఉత్తర్వు వచ్చింది. బయటివారెవరికీ జీలుగువలసకి దారి చెప్పరాదు. ఊరిపేరు బోర్డులు పీకేయాలి. మైలురాళ్ళకి ప్రకృతిలో కలిసిపోయేలా ఆకుపచ్చ రంగు వేయాలి. దారి చెప్పినవాళ్ళకి పింఛను ఆపేస్తారు. దుకాణదారులైతే దుకాణం ఎత్తేస్తారు. మా అక్క హోటలు రోడ్డు పక్కనే ఉంది కాబట్టి ఎత్తేయడం తేలిక. ఉద్యోగులైతే తక్షణ సస్పెన్షను. ఆ వాక్యం నా గురించేనని అంటించేటప్పుడు గమనించాను. అయినా వంకర రానివ్వలేదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా అక్క కూతురు నూకరత్నానికి సంబంధం కుదిరింది. పార్వతీపురంలో బంధువులింట్లో పెళ్ళిచూపులు జరిగాయి. పిల్లాడి పేరు తేజేశ్వరరావు, బొబ్బిలి దగ్గర ఒక రైసుమిల్లులో సూపర్‌వైజరు. మా రత్నం మిషను కుడుతుంది, కుట్టినంతసేపూ మాట్లాడుతుంది. తను రెండు గంటలు ఆపకుండా మాట్లాడితే ఆవలించకుండా విన్నాడనీ, అలాంటివాడు మళ్ళీ దొరకడనీ ఇంటికొచ్చి చెప్పింది. తేజేశ్వరరావు మంచివాడే గానీ అతని తండ్రి గుంపస్వామి నాయుడిది ముక్కు మీద కోపం. అక్కడే తాంబూలాలు పుచ్చుకునేటప్పుడు ఆయన ఒకే ఒక్కటి అడిగాడట.

"మాకు కట్నాలూ కానుకలూ అక్కర్నేదు. మర్యాద కావాల. ఊరి పొలిమేరలో మేళంతో ఎదురొచ్చి, పానకమిచ్చి మమ్మల్ని తీసుకెల్లాల. అది జరగనేదా, అటే తిరిగి ఎల్లిపోతాం."

మా అక్క సంతోషంగా ఒప్పుకుంది. ఎదురుకోలు చెయ్యని పెళ్ళి మా వైపు ఉంటుందా? మాఘమాసంలో, పగలు పదకొండున్నరకి ముహూర్తం పెట్టుకున్నారు.

ఈలోపు ఊరికి శిక్షణ మొదలైంది. హైదరాబాదు నుంచి ఒక శిక్షకురాలు వచ్చింది. ఎవరు దారి అడిగినా 'నాకు తెలియదు' అనాలి. అదొక్కటే పాఠం. మొదటి రోజు ఎర్రయ్య తాతని ముందుకి పిలిచింది.

"తాతగారూ, నేను పర్యాటకురాలిని. జీలుగువలసకు దారి ఎటు?"

"నాకు తెల్దమ్మా," అన్నాడు తాత ఎంతో శ్రద్ధగా. "ఆ ఇప్పసెట్టు కాడ ఎడంపక్కకి తిరుగు."

రెండోసారి చెట్టు ఊసెత్తలేదు గానీ గడ్డంతో అటువైపు చూపించాడు. మూడోసారి గడ్డం కదపలేదు. "ఎండలో ఎంతసేపు తిరుగుతావే తల్లీ," అని ఏడ్చాడు. నివేదిక పైకి వెళ్ళింది. చెయ్యి, గడ్డం, కనుబొమలు, కాలి బొటనవేలు కూడా నిషేధిస్తూ సవరణ వచ్చింది. కన్నీళ్ళ గురించి స్పష్టత కోరుతూ నేను రాసిన లేఖకి జవాబు రాలేదు.

మా ఆడవాళ్ళు తెలివైనవాళ్ళు. 'ఇటు రండి' అనకూడదు కదా, పర్యాటకులు కనబడితే "అటు మాత్తరం ఎల్లకండి బావూ, ఊరొచ్చీగల్దు!" అని హెచ్చరించడం మొదలుపెట్టారు. దాని మీద ఇంకో సవరణ వచ్చింది. ఆ తరవాత పొయ్యిల పొగ చూసి జనం ఊరు కనిపెట్టేస్తున్నారని ఇంకొకటి వచ్చింది. పర్యాటక వేళల్లో పొయ్యి వెలిగించరాదు. ఆ పూట నుంచి మా ఊరు మధ్యాహ్నం చద్దన్నం తింటోంది. దానికి చక్రపాణి గారు 'సంప్రదాయ ఆహార పునరుద్ధరణ' అని పేరు పెట్టి వేరే ఫైలు తెరిచారు.

పథకం గొప్పగా విజయవంతమైంది. నిజంగా తప్పిపోయిన జనం బురద కొట్టుకుని, చొక్కాలు చిరిగి, ఆకలికి నకనకలాడుతూ సాయంత్రానికి దొరికి, ఆనందంతో బావురుమనేవారు. జీవితంలో ఇంతటి ప్రశాంతత ఎరగమని రాసిచ్చి పోయేవారు. వాళ్ళతో పాటు పోస్టుమాను కూడా తప్పిపోయాడు. గ్యాసుబండి వాడు జలపాతం దగ్గర సిలిండర్లు దించి వెళ్ళిపోయాడు. పశువుల డాక్టరు మూడోదారిలో పోయి, రోడ్డు ఆగిపోయిన చోట కాసేపు నిలబడి, సెలవు పెట్టాడు. నెల తిరిగేసరికి మావాళ్ళు 'నాకు తెలియదు' అని రేడియోలో వార్తలు చదివినంత చక్కగా అనడం నేర్చుకున్నారు. వింటూంటే నాకే ఏదోలా ఉండేది.

పెళ్ళి దగ్గరపడింది. శుభలేఖ అచ్చుకి ఇచ్చే ముందు విభాగం వారి ఆమోదం కావాలన్నారు. పట్టుకెళ్ళాను. చక్రపాణి గారు ఎర్రసిరాతో వేదిక చిరునామా కొట్టేసి, ఆ చోట 'ప్రకృతి ఒడిలో' అని రాశారు.

"సార్, పెళ్ళివారు రావాలి కదా," అన్నాను.

"రావచ్చు. మాకు అభ్యంతరం లేదు."

"దారి చెప్పకపోతే ఎలా వస్తారు? వాళ్ళు పర్యాటకులు కారు సార్. పెళ్ళికొస్తున్నారు."

ఆయన కళ్ళజోడు తీసి జాలిగా చూశారు. "త్రినాథరావు గారూ, వారు బస్సులో వస్తారు. బస్సుకు కిటికీలుంటాయి. కిటికీలోంచి ఒక్క కొండను చూసి, ఒక్కరు బాగుంది అనుకున్నా సాంకేతికంగా వారు పర్యాటకులే. అనుకోరని మీరు హామీ ఇవ్వగలరా?"

ఇవ్వలేకపోయాను. మా కొండలు మాఘమాసంలో నిజంగానే బాగుంటాయి.

"పోనీ, మా మనిషొకడు పార్వతీపురం వెళ్ళి వాళ్ళతో కలిసి బస్సులో వస్తాడు. నోరు విప్పడు."

"తోడు రావడం సమాచారం యొక్క అత్యంత తీవ్రమైన రూపం," అన్నారాయన.

"కనీసం ఎదురుకోలు అయినా చేసుకోనివ్వండి. అది జరగకపోతే పెళ్ళి ఆగిపోతుంది. మా మేనకోడలి పెళ్ళి సార్."

ఆయన కరిగారు. కరిగినప్పుడు అధికారుల నుంచి వచ్చేదాన్ని షరతులతో కూడిన అనుమతి అంటారు. మేళం ఒక దిక్కునుంచే వినబడితే ఊరు అటే ఉందని తెలిసిపోతుంది. కనుక నాలుగు దిక్కులనుంచీ నాలుగు మేళాలు సమానమైన ధ్వనితో ఏకకాలంలో వాయించాలి. పెళ్ళివారు తమంతట తాముగా పొలిమేర చేరి, ఇదే జీలుగువలస అని స్వయంగా గ్రహించాక మాత్రమే పానకం ఇవ్వవచ్చు.

ఇంటికొచ్చి చెప్పాను. మా అక్క గ్లాసులు కడుగుతూ ఉండిపోయింది. రత్నం మిషను ఆపింది.

"మావయ్యా, నీ ఉద్యోగం మీద నానేటీ అనను. మరి ఆయన రాకపోతే నాను ఇంకెవుళ్ళనీ సేసుకోను. ముందే సెప్పీసినాను."

అంతే అంది. ఆ పిల్ల అంత తక్కువ మాట్లాడడం నేనెప్పుడూ వినలేదు.

పెళ్ళిరోజు వచ్చింది. అదే రోజు ఇతర రాష్ట్రాల పర్యాటక అధికారుల బృందం కూడా మా పథకం చూసి నేర్చుకోవడానికి వచ్చింది. మలుపుకి పైనున్న గుట్ట మీద వాళ్ళకి షామియానా వేసి, దుర్భిణులు ఇచ్చి కూర్చోబెట్టారు. నాలుగు కొండల మీద నాలుగు మేళాలు మొదలయ్యాయి. నేను పానకం బిందె పట్టుకుని పొలిమేరలో నిలబడ్డాను. మా అక్క పసుపునీళ్ళ పళ్ళెంతో నా పక్కన నిలబడింది.

పది దాటాక బస్సు కనిపించింది. మలుపులో ఆగింది. బోర్డు లేదు, హోటలు మూసి ఉంది, మా కొండల్లో ఫోన్లకి సిగ్నలు అందదు. అడ్డాకుల మోపుతో పోతున్న ఇద్దరు ఆడవాళ్ళని ఆపి అడిగారు. వాళ్ళు నిటారుగా నిలబడి, 'నాకు తెలియదు, నాకు తెలియదు' అని చెప్పి తల వంచుకుని పోయారు. బస్సు జలపాతం వైపు వెళ్ళింది. వెనక్కొచ్చింది. సన్నాయి వినబడిందని మూడోదారిలో వెళ్ళి, రోడ్డు లేక మళ్ళీ వెనక్కొచ్చింది. ఈసారి మా ఊరి దారి పట్టబోతుండగా వెనక కొండమీద డోలు వినబడి అటు తిరిగింది. గుట్టమీద అధికారులు చప్పట్లు కొట్టారు. పట్టుబట్టలతో, బాసికాలతో పెళ్ళిబృందం తప్పిపోవడం వాళ్ళకి తెగ నచ్చింది. ఇది రోజూ ఉంటుందా, పండగల్లోనేనా అని చక్రపాణి గారిని అడుగుతున్నారు.

పదకొండు కావొస్తోంది. బస్సు మాకు కనబడుతూనే ఉంది. నేను చెయ్యెత్తితే వాళ్ళకి కనబడుతుంది. చెయ్యి ఎత్తరాదని మొదటి సవరణలోనే ఉంది.

"తమ్ముడూ," అంది అక్క. కళ్ళల్లో నీళ్ళు నిండిపోయాయి. "నా హోటలు పోతే పోనీ. నానెల్లి పిలిసీనా?"

"నువ్వు ఆగు," అన్నాను. ఎందుకన్నానో తెలియదు. హోటలు పోతే తల్లీకూతుళ్ళిద్దరూ ఏం తింటారని అనిపించి ఉంటుంది.

బిందె పట్టుకునే మలుపు దాకా నడిచాను. అక్కడ గుంపస్వామి నాయుడు బస్సు దిగి, ఎర్రబడ్డ మొహంతో డ్రైవరుకి బండి తిప్పమని చెబుతున్నాడు. కిటికీలోంచి తేజేశ్వరరావు, బొట్టు చెమటకి కరిగిపోతుంటే, నాలుగువైపులా వెతుక్కుంటున్నాడు. పెళ్ళిచూపులనాడూ తాంబూలాలనాడూ నేను డ్యూటీలో ఉండిపోయాను కాబట్టి వాళ్ళకి నేనెవరో తెలియదు. గుట్టమీద అధికారులు దుర్భిణులు మావైపు తిప్పారు. చక్రపాణి గారు నావైపు చూసి, బాగా నడుస్తోంది అన్నట్టు తలూపారు.

"ఏమయ్యా," అన్నాడు గుంపస్వామి నాయుడు. "ఏటి ఊరిది? మనుసులా, రాళ్ళా? ఆఖరుసారి అడుగుతన్నాను. జీలుగువలస ఎటేపు?"

ఉత్తర్వు నాకు కంఠస్థం. నోరు తెరిచాను. చెప్పవలసిన రెండు మాటలకి బదులు నోట్లోంచి మా అమ్మ నేర్పిన భాష వచ్చేసింది.

"ఎవుళింటికి బావూ? మా తవిటమ్మక్క ఇంటికేనా? ఇలా నేరుగా ఎల్లండి. కంకరపోగు దాటినాక రెండు ఇప్పసెట్లుంటాయి, వంగినదాని పక్కనుండి దిగండి. గెడ్డలో నీళ్ళు సీలమండ దాకానే, బస్సు ఎలిపోద్ది. అవతల కుక్కొకటి మొరుగుతాది, కరవదు, బయిపడకండి. అక్కడనుండి మూడో ఇల్లు, పచ్చపందిరి. మీ కోడలు పొద్దున్నుంచీ ఏటీ తిన్నేదు. అయినా మీరెందుకు ఎతుక్కోడం, నాను ముందు నడుస్తాను, రండి! ముందీ పానకం పుచ్చుకోండి. నాను పిల్ల మేనమావని!"

గుంపస్వామి నాయుడు గ్లాసెడు పానకం ఒక్క గుక్కలో తాగి, ఇంకో గ్లాసు అడిగాడు. నాలుగు కొండల మీది మేళాలకి విషయం ఎలా తెలిసిందో గానీ నాలుగూ వాయించుకుంటూ కిందికి పరుగెత్తుకొచ్చాయి. అంత ఘనమైన ఎదురుకోలు మా తాలూకాలో ఎవరికీ జరగలేదని ఆయన ఇప్పటికీ చెప్పుకుంటాడట. చక్రపాణి గారు నిబంధనల సంఖ్యలు ఒక్కొక్కటే అరుస్తూ బస్సు వెనకాల పరుగెత్తారు. ఆపడానికి అనుకున్నాను. తరవాత తెలిసింది, బోర్డులు పీకేశాక ఊళ్ళోకి దారి ఆయనకీ తెలియదు.

ముహూర్తానికి తాళి పడింది. మేనకోడల్ని బుట్టలో కూర్చోబెట్టి నేనే మోశాను. ఏడుపొచ్చింది, ఏడ్చాను. చక్రపాణి గారు ముందు తమ అభ్యంతరం నమోదు చేసి, తరవాత పంక్తిలో కూర్చుని పులిహోర అడిగి వేయించుకున్నారు. ఇతర రాష్ట్రాల అధికారులు మాత్రం ఆ రోజు మొత్తంలో దారి చెప్పిన ఘట్టమే అత్యంత సహజంగా ఉందనీ, దాన్ని విడిగా టిక్కెట్టు పెట్టి చూపించవచ్చుననీ రాసిచ్చి వెళ్ళారు.

మర్నాడే నా సస్పెన్షను ఉత్తర్వు సంతకమైంది. అలాంటి ఉత్తర్వు పోస్టులో పంపితే చెల్లదు. మనిషి స్వయంగా తెచ్చి, చేతికిచ్చి, సంతకం తీసుకోవాలి. అప్పటిదాకా ఉద్యోగి ఉద్యోగంలో ఉన్నట్టే. ప్రధాన కార్యాలయం నుంచి ఒక అటెండరుని పంపారు. పథకం ఇంకా అమల్లోనే ఉంది, బోర్డులు లేవు, మైలురాళ్ళు ఆకుపచ్చగానే ఉన్నాయి. అతను వారం వారం వచ్చి, ఊరు దొరక్క తిరిగిపోతున్నాడు.

నిన్న కూడా వచ్చాడు, హోటల్లో ఆగడం మాత్రం ఇదే మొదలు. నేను అక్క హోటల్లో బెంచీ మీద కూర్చుని టీ తాగుతున్నాను. అతను నా పక్కనే కూలబడి, ఉత్తర్వున్న కవరుతో విసురుకుంటూ అడిగాడు.

"అమ్మా, జీలుగువలసలో త్రినాథరావని ఒకాయనుండాలి. ఆ ఊరికి దారెటో మీకేమన్నా తెలుసా?"

మా అక్క పుట్టి బుద్ధెరిగాక దారి అడిగినవాళ్ళని ఊరికే పంపిన మనిషి కాదు. నావైపు ఒకసారి చూసింది. గడ్డం కదపలేదు, కనుబొమ ఎత్తలేదు.

"నాకు తెలియదు," అంది.

తరవాత అతనికి టీ ఇచ్చి, వేడి పకోడీ పెట్టి, మీదే ఊరు, మీ అమ్మ పుట్టిల్లేదని అడిగి, అతను వరసకి తమ్ముడవుతాడని తేల్చింది. పొద్దు వాలుతోందని హోటలు నాకప్పజెప్పి, పార్వతీపురం బస్సు ఎక్కేదాకా అతని వెంట నడిచి, సీటు చూపించి, దిగాల్సిన చోటు కండక్టరుకి రెండుసార్లు చెప్పి వచ్చింది. తిరుగుదారి చెప్పరాదని ఉత్తర్వులో ఎక్కడా లేదు.